సోప్ ఆయిల్, మోతీబాయి గాజులు

6 ఫిబ్రవరి 2025, గురువారం, మహబూబాబాద్

హాలు సామాను లెక్కకు వేరే పుస్తకం ఉంది. అందులో చీపుర్లకు, బకెట్లకు, ఫినాయిల్‌కు గడులు ఉన్నాయి. కోపానికి గడి లేదు. ఇవాళ నాకు కోపం వచ్చింది. కొడుకుతో చెబితే "పోనీలే అమ్మా" అంటాడు. మనవరాలితో చెబితే నవ్వుతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇది ఎవరూ చదవడానికి కాదు.

విషయం సోప్ ఆయిల్. నేల తుడిచే నీళ్లలో కలిపే చిక్కటి ద్రవం. పచ్చ క్యాన్‌లో వస్తుంది. మా అబ్బాయి వెంకట్రాం ఈ ఫంక్షన్ హాలు కట్టినప్పటి నుంచి స్టోర్ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. సైన్సు టీచరుగా, తరువాత ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయిన మనిషికి ఒక క్యాన్ ఎన్నాళ్లు రావాలో తెలియకుండా ఉండదు. నెల రావాలి. వారంలో సగమైంది.

శుభ్రం చేసేది ఇద్దరే, రేణుక, మోతీబాయి. ఇద్దరినీ నిలబెట్టి అడిగాను.

"నేనేమన్న తాగుతున్ననా టీచరమ్మా?" అంది రేణుక. దంతాలపల్లి పిల్ల. నోరు ఊరుకోదు.

"తాగినా లెక్కలో రాయాలి."

"అయితే పొద్దుగాల ఒక గిలాస, మాపటికొక గిలాస రాస్కోండ్రి."

మోతీబాయి మాత్రం తలమీది ఓణీ కొంచెం ముందుకు లాక్కుని నేల చూసింది. ఆమెకు నా వయసు ఉంటుంది, రెండేళ్లు అటూ ఇటూ. మాట మీద నిలబడే మనిషి. ఆమెను అనుమానించడం లేదు.

రేణుకనే అనుమానిస్తున్నాను.

7 ఫిబ్రవరి

అనుమానం నిజమే. స్ప్రే సీసాలో సోప్ ఆయిల్, నీళ్లు కలిపి స్టేజి పైన లైట్ల దగ్గర కందిరీగల మీద కొడుతూ దొరికింది. కొట్టినవి కొట్టినట్టే రాలి పడ్డాయి. నేను చూశాను. సబ్బు నీళ్లు వాటికి ఊపిరాడనివ్వవు. సైన్సు ప్రకారం సరైనదే. అయినా అడగకుండా చేయడం తప్పు.

అడిగితే ఇంకో మూడు బయటపడ్డాయి. డెకరేషన్ వాళ్లు కుర్చీలకు అంటించిన టేపు బంక పోవడానికి రాస్తోందట. షట్టర్ కీచుమంటే పట్టాల్లో పోస్తోందట. వంట ఐలేశ్ కూడా ఒక గిన్నెడు తీసుకున్నాడు. సిలిండర్ పైపుకు నురుగు పూసి, బుడగ వస్తే గ్యాస్ కారుతున్నట్టు లెక్క అన్నాడు.

"బుడగొచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది టీచరమ్మా. రబ్బరు మార్చిన. లేకుంటే నిన్న పెండ్లికొడుకు కంటే ముందు నేనే పైకి పోతుంటి."

ఇవి నాలుగూ అనుమతి ఇచ్చిన వాడకాలు అని పుస్తకంలో రాశాను. ఐదోది ఉండకూడదు అని చెప్పాను.

9 ఫిబ్రవరి

పెళ్లి బాగా జరిగింది. జనం ఎక్కువ. చేతులు కడిగే చోట కొత్త బకెట్లు రెండు ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయాయి. రేణుక ఒకటి పట్టుకుంది. ఐలేశ్ ఇంకొకటి పట్టుకుని లాగాడు. ఇద్దరూ చెరొక వైపు పడ్డారు కానీ బకెట్లు రాలేదు. పెళ్లికూతురి తరఫు ముసలాయన ఒకాయన తమాషా చూస్తూ నిలబడ్డాడు.

నేనే రెండింటి మధ్య సందులో సోప్ ఆయిల్ పోయించాను. లాగవద్దు, తిప్పండి అన్నాను. తిప్పితే చప్పుడు లేకుండా జారి వచ్చాయి.

"అయిదోది గిది టీచరమ్మా," అంది రేణుక. "మీరు చేసిండ్రు."

ఐదు అని రాశాను.

10 ఫిబ్రవరి

ఐదు వాడకాలూ కలిపినా లెక్క సరిపోవడం లేదు.

11 ఫిబ్రవరి

మోతీబాయి ఎడమ చేత్తో తుడుస్తోంది. మాప్ గీతలు వంకరగా వస్తున్నాయి. "కుడి చేయికి ఏమైంది?" అంటే "ఏం గాలే" అంది. గట్టిగా అరిచాను. మూడో వరస మళ్లీ తుడవమన్నాను. తుడిచింది.

ఆమె దగ్గర నిలబడితే ఒక వాసన. మాప్ సరిగా ఆరబెట్టడం లేదు. అదే అయి ఉంటుంది.

12 ఫిబ్రవరి

మాప్ కాదు.

బాత్‌రూముల వెనక కుళాయి దగ్గర మోతీబాయిని చూశాను. కుడి భుజం మీద ఓణీ తీసేసి, లంబాడా ఆడవాళ్లు మోచేతి పైనుంచి భుజం దాకా వేసుకునే తెల్లగాజులను ఎడమ చేత్తో ఎత్తిపట్టి, వాటి కిందికి చిన్న సీసాతో సోప్ ఆయిల్ పోస్తోంది. నీళ్లు కలపని సోప్ ఆయిల్. పళ్లు బిగబట్టింది.

నేను ఆ సీసా లాక్కున్నాను. గాజుల కింద చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. రెండు చోట్ల పుండు. చీము.

"ఎన్నాళ్లయింది?"

"నెల గావస్తుంది. మీది గోడలు కడిగేటప్పుడు చెయ్యి మీదికెత్తితే ఆ నీళ్లన్ని గాజుల్లకు దిగుతయి. దురద పుట్టింది. గోకిన. పుండైంది."

"పుండు మీద దీన్ని పోస్తారా ఎవరన్నా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, నిజంగానే అర్థం కానట్టుగా.

"మీరే చెప్తిరి గదమ్మా, గిది పోస్తే క్రిమి అనేది మిగలదని. నేల మీది క్రిమి సస్తే చెయ్యి మీదిది సావదా?"

నేను చెప్పింది నేల గురించి. ఎవరైనా నేల గురించే అనుకుంటారు.

నీళ్లతో చాలాసేపు కడిగించాను. ఆమెకు షుగర్ కూడా ఉందట. అది ఇవాళే తెలిసింది. రేపు దవాఖానకు తీసుకువెళ్తున్నాను.

నేను చెప్పింది నేల గురించే.

13 ఫిబ్రవరి

డాక్టరు గారు చిన్నవాడే కానీ ఓపిక ఉంది. గాజులు తీస్తే తప్ప పుండు కడగలేను, కట్టు కట్టలేను అన్నాడు. షుగర్ ఎక్కువగా ఉంది. ఎల్లుండిలోగా తీయకపోతే చీము లోపలికి దిగుతుంది, అప్పుడు చెయ్యికే ముప్పు అన్నాడు. లాగితే రావు కాబట్టి కట్టర్‌తో కోయమన్నాడు. సిస్టర్ కట్టర్ తేవడానికి లేచింది.

మోతీబాయి ఆమె కంటే ముందు లేచింది. నేను వెనక పరుగెత్తాను. ఈ వయసులో. గేటు దగ్గర ఆటోవాళ్లందరి ముందు పట్టుకున్నాను.

"చేయి పోతుందంటే వినపడలేదా?"

"ఇనబడ్డది."

"మరి?"

"గీ పైగాజులు మా తండాల ఎప్పుడు తీస్తరో ఎరుకేనా మీకు? మొగడు సచ్చిననాడు తీస్తరు. మావోడు పాణంతోటి ఉండంగ నేనెట్ల కోపిచ్చుకుంట?"

నాకు తెలియదని కాదు. ముప్ఫయ్యేళ్లు ఈ ఊళ్లల్లోనే పాఠం చెప్పాను. కానీ తెలిసిన సంగతి మన ముందు ఏడుస్తూ నిలబడినప్పుడు వేరుగా ఉంటుంది.

ఆమె భర్త భద్రు భూపాలపల్లి వైపు మిరప కల్లం దగ్గర కాపలాకు పోయాడు. మూడు రోజులుగా ఫోన్ స్విచాఫ్. ఆమె భయం అసలు అక్కడుంది. కబురు లేని వేళలో గాజు విరిగితే, చావు కబురు తానే పిలిచినట్టు అవుతుందని. ఆమె ఆ మాట అనలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, "మీరు చేస్తే కలుస్తదేమో" అంది. కలవలేదు.

హైదరాబాద్‌లో ఆటో నడిపే కొడుకు శివాజీకి చేశాను. "కోపియ్యిండ్రి టీచరమ్మా. మా యాడి మొండిది, మీరు సుత మొండోళ్లే గద, చూస్కోండ్రి," అన్నాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. తండ్రి సంగతి కనుక్కుంటానన్నాడు.

14 ఫిబ్రవరి

మళ్లీ చెప్పి చూశాను. వినదు. పనికి మాత్రం వచ్చింది. పంపించేస్తే పోదు. కుర్చీలో కూర్చోబెట్టాను. కుర్చీలో కూర్చుని రేణుక తుడిచే దానికి వంకలు పెట్టింది.

"మూలల తుడువ్ బిడ్డా. మూల ఇడిశిపెట్టినవ్."

"నువ్వు చెయ్యి బాగు చేస్కొని వచ్చి తుడుచుకో పో అవ్వా," అంది రేణుక. అని, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం స్టోర్‌లో సామాను సర్దుతున్నాను. ఆ రెండు బకెట్లు పక్కపక్కన బోర్లించి ఉన్నాయి.

చాలాసేపు చూశాను.

జనగామలో నర్సింగ్ చదువుతున్న మనవరాలు రక్షితకు ఫోన్ చేసి, సోప్ ఆయిల్‌తో గాజులను బకెట్లలాగే జార్చవచ్చా అని అడిగాను. ఎప్పుడూ నవ్వే పిల్ల ఈసారి నవ్వలేదు. "నానమ్మా, పుండు మీద మాత్రం చుక్క పడొద్దు," అంది. రాత్రంతా చేయి దిండ్ల మీద ఎత్తి ఉంచితే వాపు కొంత తగ్గుతుంది అంది. చేతికి పల్చటి కవరు తొడిగి, దాని పైనే రాయాలి అంది. గాజులమ్మేవాళ్లు బిగువు గాజులు తొడిగేటప్పుడు అట్లాగే కవరు వాడతారు కదా అంది. కదా. నా పెళ్లికి కూడా తొడిగారు, కవరు కాదు, సబ్బు. ఎట్లా మరిచిపోయాను?

రాకపోతే వెంటనే ఆపి దవాఖానకు పోవాలి, బలవంతం చేయొద్దు అని కూడా చెప్పింది. సరే అన్నాను. ఆ పిల్ల నాకు చెప్పే రోజు వచ్చింది.

మోతీబాయి ఇవాళ ఇంటికి పోదు. మా ఇంట్లో, దిండ్ల మీద చేయి పెట్టుకుని పడుకుంటుంది.

15 ఫిబ్రవరి, శనివారం

దిగాయి. అన్నీ దిగాయి. ఒక్కటి విరగలేదు.

ముందు అది రాసి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, ఇప్పుడు వరసగా రాస్తున్నాను.

పొద్దున్నే హాలులో చేతులు కడిగే చోటికి తీసుకువెళ్లాను. కుర్చీ వేశాను. భోజనాల దగ్గర పార్సిళ్లకు ఇచ్చే పల్చటి కవర్లు తెచ్చి, అడుగు కత్తిరించి గొట్టంలాగా చేశాను. రేణుక సోప్ ఆయిల్ గిన్నె పట్టుకుంది. మోతీబాయి అన్నీ చూసింది. చూసి, చేయి ఒడిలోకి లాక్కుంది.

"తీసుడు వద్దు."

"తీస్తున్నమని ఎవరన్నారు? కడగడానికి దించుతున్నం. పెండ్లి గిన్నెలు దించి, కడిగి, మళ్ల అరల పెడ్తలేమా?"

"గిన్నెలకు మొగడుంటడా?"

రేణుక నవ్వాపుకోలేకపోయింది. నేను ఆ పిల్ల వైపు చూశాను. ఆగింది.

"ఇరుగుతె?" అంది మోతీబాయి.

"విరగదు."

"ఇరుగుతె?"

క్లాసులో పిల్లవాడు అడిగితే దీనికి జవాబు ఉండేది. "విరిగితే నేనే నీ తండాకు వచ్చి భద్రు ముందు నిలబడతా. నువ్వు నోరు తెరవాల్సిన పని లేదు. ఏమన్నా నన్నే అంటడు," అన్నాను.

"ఆయన ఉంటే గద అనేది," అంది.

కుళాయి కారుతోంది. దాన్ని బిగించాలి.

అప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది. గాజు ఒంటి మీది నుంచి వేరే చోటికి పోవద్దు. గచ్చు మీద పెట్టొద్దు, ఇంకొకరి చేతిలో పెట్టొద్దు.

"కుడి చేతి నుంచి జారింది జారినట్టే ఎడమ చేతికి తొడుగుతాను. క్షణం కూడా ఖాళీగా ఉండదు. అప్పుడు తీసినట్టా?" అన్నాను.

ఆలోచించింది. లెక్క వేసే పిల్ల వేళ్లు ముడిచినట్టు ఎడమ చేతి వేళ్లు ముడిచి చూసుకుంది. "గట్లయితే తీసినట్టు గాదు," అంది.

పుండ్ల మీద శుభ్రమైన గుడ్డ పరిచి, గాజుల కింది నుంచి మెల్లగా కవరు జొనిపాను. మోచేతి మీదుగా వేళ్ల దాకా కవరు వచ్చింది. దాని పైన సోప్ ఆయిల్. మోచేతి దగ్గరిది మొదలుపెట్టాను. లాగలేదు. తిప్పాను. ఆమె "అమ్మా" అంది. ఆపాను. "ఆపకుండ్రి" అంది. తిప్పాను. గాజు మోచేయి దాటింది. ఆ తరువాత మణికట్టు దాకా దానంతటదే పోయింది. చేతి దగ్గర బొటనవేలు మడిచి పట్టింది రేణుక. జారింది. ఎడమ చేతికి తొడిగాను.

రెండోది. మూడోది. ఎడమ చేయి నిండుతోంది. మోతీబాయి దాన్ని గుండెకు ఆనించి పట్టుకుంది.

అన్నిటికంటే పైది, పుండుకు ఆనుకుని ఉన్నది, మోచేతి దగ్గర ఆగింది. తిప్పినా కదలలేదు. రాత్రి మా ఇంట్లో ఆమె చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అది భద్రు కొన్న గాజట, పెళ్లయిన ఏడు కురవి జాతరలో. మిగతావి తల్లిగారింటివి. విరిగితే విరిగేది అదే.

రక్షిత మాట ప్రకారం ఆపాలి. ఆపాను. చేయి పైకెత్తి పట్టమన్నాను. కూర్చున్నాం. రేణుక ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "అవ్వా, మీ ముసలాయన జాతరల ఇంకేం కొనిచ్చిండు?" అని అడిగింది.

"ఏం కొనిచ్చిండు! బజ్జీలు కొనిచ్చిండు. నా పైసలతోటే," అంది మోతీబాయి. అని నవ్వింది. నవ్వితే భుజం వదులైంది. నా చేతిలో గాజు కొంచెం కదిలింది. కవరు కింద ఇంకాస్త సందు దొరికింది. ఆ సందులోకి కవరు పైనుంచి సోప్ ఆయిల్ పోశాను, బకెట్లకు పోసినట్టే. తిప్పాను.

వచ్చింది.

మోతీబాయి దాన్ని తానే అందుకుని ఎడమ చేతికి తొడుక్కుంది. రేణుక గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కూడా కూర్చున్నాను. తడి గచ్చు మీద, పట్టంచు చీరతో. అది తరువాత గమనించాను.

కుళాయి నీళ్లతో చేయంతా కడిగి నేరుగా దవాఖానకు పోయాం. డాక్టరు గారు చేయి చూశాడు. ఎడమ చేతి మీద వరసగా ఉన్న గాజులు చూశాడు.

"కట్టర్ లేకుండా ఎలా?"

"నేల తుడిచేదానితో," అన్నాను.

ఆయనకు నమ్మకం కుదరలేదు. పుండు కడిగి కట్టు కట్టాడు. చీము పైపైనే ఉంది, సమయానికి వచ్చారు, చేయికి ఏమీ కాదు అన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. ఏమీ కాదు అని ఇంకోసారి చెప్పించుకున్నాను.

పోయేటప్పుడు సిస్టర్ వెనకే వచ్చి, "మేడం, ఒక చిన్న సీసాల కొంచెం తెచ్చిపెడ్తరా? ఉంగరాలు ఇరికిచ్చుకొని వస్తుంటరు జనం," అంది.

ఆరు, ఏడు.

16 ఫిబ్రవరి

భద్రు ఫోన్ చేశాడు.

మిరప కల్లం రైతు ఫోన్ నుంచి చేశాడు. తన ఫోన్ నీళ్ల డ్రమ్ములో పడిందట. ఆరబెట్టాను, ఎండ చాలలేదు అంటున్నాడు. శివాజీ ఎవరెవరినో పట్టుకుని కబురు పంపితే తెలిసిందట. మోతీబాయి స్పీకర్ పెట్టింది. హాలంతా వినపడింది.

"నేను సచ్చిన్ననుకున్నవా ఏందే? పాణంతోటే ఉన్న. మిరపకాయల మంటకు సావనైతలేదు."

"థూ! నోట్లె మన్నువడ!" అంది మోతీబాయి. ఆ తరువాత వాళ్ల భాషలో చాలాసేపు తిట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంత చక్కటి తిట్లు నేను ఎప్పుడూ వినలేదు. తిట్టినంతసేపూ ఎడమ చేతి గాజులు ఘల్లుమంటూనే ఉన్నాయి.

ఆమె ఫోన్ పెట్టేసిన తరువాత నేను స్టోర్‌లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాను. దుమ్ము కళ్లల్లో పడింది. స్టోర్‌లో దుమ్ము ఉండకూడదు. రేణుకకు చెప్పాలి.

17 ఫిబ్రవరి

వాపు తగ్గింది. ఆకలి వేస్తోందట.

19 ఫిబ్రవరి, బుధవారం

కట్టు మార్చారు. పుండు పొడిబారుతోంది. ఇంకో రెండు వారాలు గాజులు కుడి చేతికి ఎక్కించవద్దన్నారు. మోతీబాయి ఎడమ చేత్తో గ్లాసు ఎత్తితే ఒక బ్యాండు మేళం వచ్చినట్టు ఉంది. ఇవాళ పెళ్లివాళ్లు కూడా తిరిగి చూశారు.

పని మీద అరిచాను. మూలలు సరిగా తుడవలేదని. రేణుక మీద అరిచాను. మోతీబాయి "గట్లనే తిట్టాలె" అంది నాకు వత్తాసుగా. హాలు తిరిగి మామూలయింది.

ఇంకో మాట కూడా రాయాలి. నేను చెప్పింది నేల గురించే. కానీ నేల తుడిచేది చేతులతో. ఆ సంగతి నేను చెప్పలేదు.

ఇక జరగవలసినవి:

1. గోడలు కడిగేటప్పుడు ఇద్దరికీ భుజం దాకా వచ్చే రబ్బరు తొడుగులు. వెంకట్రాంను అడగడం కాదు, చెప్పడం.

2. పచ్చ క్యాన్ మీద పెద్ద అక్షరాలతో: నీళ్లు కలపకుండా వాడరాదు, ఒంటికి తగలరాదు. మోతీబాయికి చదువు రాదు కాబట్టి చేయి బొమ్మ వేసి దాని మీద అడ్డగీత. బొమ్మ రక్షిత వేయాలి.

3. నెలకోసారి ఇద్దరికీ షుగర్ పరీక్ష. నాకు కూడా.

4. దవాఖాన సిస్టర్‌కు సీసా.

5. చేతులు కడిగే చోట కుళాయి బిగించాలి.

6. శివరాత్రికి కురవి జాతరకు భద్రు వస్తున్నాడు. కుడి చేతి కట్టు చూపించి, జరిగిందంతా అతనికి నేనే చెప్పాలి. మాట ఇచ్చాను. గాజు విరగకపోయినా ఇచ్చిన మాట మాటే. బజ్జీలు ఈసారి అతని పైసలతో.

7. డాక్టరు సరేనన్న రోజు, భద్రు ముందు, గాజులు ఎడమ చేతి నుంచి కుడి చేతికి. ఈసారి పైది మొదట, అతనే తొడగాలి. సోప్ ఆయిల్ స్టోర్ నుంచే ఇవ్వాలి. సామాను పుస్తకంలో వాడిన చోటు అన్న గడిలో నేల అని కాకుండా, మోతీబాయి చెయ్యి అని రాయాలి.